చెవి బిళ్ల

వాగు మా దొడ్డి దాకా ఎన్నడు రాలే.
ఆ రాత్రి వచ్చింది, తలుపు కొట్టకుంట.
తడకలు లేచినయ్, గొర్లు లేచినయ్,
అరుపులు మత్తడి దిక్కు పొయ్యి
ఒక్కపారే ఆగినయ్.
అరవై రెండు.
నాకు లెక్క రాదంటరు గని
పొద్దుమీకి మందను తోలుకొచ్చినప్పుడు
ఒక్కటి తక్కువున్నా నా కడుపు చెప్తది.

నాలుగో దినం పరకాల నుంచి పశువుల డాక్టర్ వచ్చిండు.
మోకాళ్ల దాకా ఒండ్రుల నిలబడి మెల్లగనే అన్నడు:
"శవం చూపియ్యాలె ఓదెమ్మా. లేకుంటె చెవి బిళ్లన్న.
తలకు నాలుగు వేలు రాస్త."
వాగు తీస్కపోయినదానికి శవం యాడ తెచ్చేది సారూ?
వాగునే అడుగు, సంతకం పెట్టుమను.

నా పెనిమిటి సారంగం గొంగడి కప్పుకొని
గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. మళ్ల లేవలే.
నేను కొడవలి, సద్ది గిన్నె పట్టుకొని
వాగెంబడి నడిసిన.
తుమ్మకంపల ఒకటి. కరెంటు స్తంభానికి ఒరిగి రెండు.
సాంబయ్య పత్తిచేన్ల ఇసుక మేట కింద,
ఒక్క కాలు పైకి లేపి, ఇంకొకటి.
కుక్కలు నాకంటె ముందుగాల లెక్క పెట్టినయ్.
ముక్కుకు కొంగు కట్టి
ఒక్కో చెవి కోసిన.
పసుపుపచ్చ బిళ్ల, దాని మీద అంకెలు.
నా మందల ఒక్కదాన్ని కూడ అంకెతోని పిలువలే నేను.
మూగది, బొల్లిది, మేడారం జాతర నాడు పుట్టింది,
గట్ల పిలిచేది.

మూడు దినాలు. గిన్నెల తొమ్మిది చెవులు,
కంచె తీగకు చిక్కిన ఉత్త బిళ్ల ఒకటి.
మండలాఫీసుల మేజా మీద బోర్లిచ్చిన.
గుమస్తా కుర్చీ ఎనుకకు జరిపిండు.
ఫ్యాను బంద్ చేసిండు, మళ్ల ఏసిండు.
కడమ యాభై రెండు?
"జాబితాల లేవు."
జాబితాల లేకుంటె సావనట్టే గద,
యాడనో మేస్తున్నయి గావచ్చు,
తొవ్వ చెప్పు, పొయ్యి తోలుకొస్త అన్న.

నా ఎనుక లైన్ల సాంబయ్య.
చేను కౌలుది. ఇసుక మేట ఆయనది, పైసలు పట్టా ఉన్నోళ్లయి.
మేజా మీదికి శానసేపు చూసిండు.
"కోసుకొచ్చెతందుకు నీకు చెవులన్న దొరికినయ్ అక్కా."

దసరా దాటినంక ఫోను టింగుమన్నది.
పక్కింటి పోరి సదివింది, నలభై వేలు.
సగం పాత బాకీ కింద బ్యాంకోళ్లే పట్టుకున్నరు.
మిగిలినదాంట్ల దొడ్డికి తడకలు కొన్న.
తడకలు కొత్తయి. లోపల గాలి.

అదే వారం, మబ్బుల,
దొడ్డి బయట దగ్గు. మనిషిది కాదు.
ఎముకల గూడు, ఒంటినిండ బురద పెచ్చులు,
ఎడమ చెవి చినిగి రెండు పాయలైంది.
బొల్లిది!
తీగకు చిక్కిన బిళ్ల దీనిదే.

సారంగం గొంగడి తీసి లేచిండు.
ఏమనకుంట వేపాకు, పసుపు నూరి
చినిగిన చెవికి పెట్టిండు.
పెట్టుకుంటనే అడిగిండు, "నాలుగు వేలు వాపసియ్యాల్నా?"
నేను కుడితి కలుపుతున్న.

ఇప్పుడు ఆఫీసు జీపు సప్పుడైతె
దాన్ని వంటింట్లకు గుంజుకపోయి
మూతి నా కడుపుకు ఒత్తుకుంట.
సచ్చినదానివే, అరువకు అంట.
అది నా కొంగు నములుతది.