నలభై ఆరు దినార్లు

ఫహాహీల్ బ్యాంకులో నాలుగో కౌంటరు ఫలాహ్‌ది.
నేను టీ కలిపేవాణ్ణి.
ఇరవై మూడేళ్ల పిల్లోడు
స్పాంజి మీద వేలు తడిపి నోట్లు లెక్కేస్తుంటే
చెనిక్కాయలు వొలిచే మాయమ్మ గుర్తొచ్చేది.
చూపు యాడో ఉంటుంది, వేలు మాత్రం తప్పదు.

అందరికీ నేను రఫీక్‌ని.
ఆ దేశంలో చీపురు పట్టినోడు ఎవడైనా రఫీకే.
అతనొక్కడే నా డ్రాఫ్టు ఫారం కూడబలుక్కుని
"ఓబులేసు" అన్నాడు.
'లే' దగ్గర కొంచెం సాగింది గానీ
నా పేరే.

ఆగస్టు ఒకటి, బుధవారం.
రాయచోటికి నలభై ఆరు దినార్లు కట్టినా.
"టైమైపోయింది, శనివారం పంపుతా" అన్నాడు.

ఆ శనివారం రాలేదు.
గురువారం తెల్లారేసరికి రోడ్డు మీద ట్యాంకులు.
ఇసక, బస్సు, అమ్మాన్, గుడారం,
రొట్టె కోసం తోపులాట, బొంబాయి విమానం.
కాళ్లకు వేరువేరు జతల చెప్పులతో ఇల్లు చేరినా.

అతని సంగతి తర్వాత
వాచ్‌మన్ చెప్పాడు, అతను కాదు.
నీళ్ల ట్యాంకరులో దాక్కుని సరిహద్దు దాటాడంట.
ఫిబ్రవరిలో, మందుపాతర్ల మధ్య
ముందుపోయిన లారీ పేలి మండుతుంటే
దాని చక్రాల గాడిలోనే అడుగులేసుకుంటూ పోయాడంట.
పొగలో ఏమీ కనపడక అడుగులు లెక్కపెట్టాడు.
నూట పన్నెండు.
మూడుసార్లు పోయి మూడుసార్లు వచ్చాడు,
భుజం మీద ఒక్కొక్కణ్ణి వేసుకుని.
ఒక్క అడుగు లెక్క తప్పలేదు.
మూడోవాడు మాత్రం
దారిలోనే బరువెక్కిపోయాడు.

నేను మళ్లీ పోయేసరికి
మిట్టమధ్యాహ్నం లైట్లేసుకున్న కార్లు,
ఆరేసిన చొక్కా మీద నూనె మసి.
మేనేజరు గదిలో ఫోటో:
యూనిఫాంలో ఫలాహ్, ఛాతీ మీద పతకం.
ఫలాహ్ ఆ గోడవైపు చూడడు.
పతకం సొరుగులో ఉంది,
రబ్బరు బ్యాండ్లకూ గుండుసూదులకూ నడుమ.

ఇప్పుడు ప్రతి కట్టా మూడుసార్లు లెక్కపెడతాడు.
నూరు దాటిన కట్టైతే
నూట పన్నెండు దగ్గర వేలు ఆగిపోతుంది.
క్యూలో జనం గొణుగుతారు.
నేను టీ గ్లాసు చప్పుడయ్యేలా పెడతాను,
అప్పుడు కదులుతుంది వేలు.

ఒకరోజు పర్సులోంచి
నాలుగు మడతల కాయితం తీశాడు.
మడతల దగ్గర చిరిగి, చెమటకు సిరా పాకి,
ఊరి పేరు అలుక్కుపోయి
నా పేరొక్కటి మిగిలింది.

"పాత నోట్లు ఇక చెల్లవు, ఓబులేసు" అంటూ
జేబులోంచి కొత్తవి తీశాడు.
వద్దంటే వినలేదు.
నలభై ఆరు.
ఒక్కసారే లెక్కపెట్టాడు.

నేను లెక్క చూసుకోలేదు.
ఊరి పేరు మళ్లీ నన్నే రాయమన్నాడు.
తెలుగులో రాశాను, పొరపాటున.
దాన్ని కొట్టేయకుండా
పక్కన చిన్నగా తన అక్షరాల్లో రాసుకున్నాడు.