గ్రీనక్‌లో మూడో అంతస్తు

పొద్దంతా పట్టాల పక్కన కాలవలు తవ్విన
నా నారింజరంగు కోటు
బాత్రూం రాడ్డుకి వేలాడుతోంది,
బస్సులో నిలబడే నిద్రపోతున్న మనిషిలా.
టబ్బులోకి ఓ చుక్క. చాలాసేపటికి ఇంకోటి.

హీటరు ఒక్కటే. దానికి వంతులు.
ముందు సాక్సులు, తర్వాత గ్లవ్స్.
ప్యాంటు మాత్రం మోకాళ్ళు మడుచుకుని
ఉన్న ఒక్క కుర్చీలో కూచుంది.
నేను నేలమీద అన్నం తింటున్నాను,
తడికుక్క వాసనతో కలిపి.

బూట్లలోకి పాత పేపరు కుక్కుతుంటే
మొన్నటి వాతావరణం కనబడింది:
వారమంతా పొడిగా ఉంటుందట.
ఉండచుట్టి ఎడమబూటులో
మునివేళ్ళ దాకా తోశాను.

కిటికీ తీసిపెట్టు, బూజు పడుతుంది అంటాడు ఓనరు.
తీస్తే క్లైడ్ నది లోపలికొచ్చి
మంచమ్మీద పడుకుంటుంది.
మీటర్లో రెండు పౌండ్లే మిగిలాయి.
పదకొండింటికి హీటరు కట్టేశాను.

తెల్లారి అయిదింటికి చూస్తే
ఎడమబూటు తడి. కుడిదీ అంతే.
కుడి గ్లవ్ లోపల, బొటనవేలి మొదట్లో
రూపాయి బిళ్ళంత పొడి.
వేలు అక్కడే ఉంచి
కాసేపు కదలకుండా నిలబడ్డాను.

కింద డంకన్ వ్యాను హారన్ కొట్టాడు.