అక్షరానికి నలభై

పూర్ణా మార్కెట్ వెనక సందులో నా కొట్టు.
అక్షరానికి నలభై, ఒత్తు ఉంటే మరో పది.
విశ్వంభరరావు గారి పేరే
మా ఇంటికి శ్లాబు వేసింది.

ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.
మేనేజరు కాగితం తెస్తాడు,
అక్షరదోషం ఒక్కటీ ఉండదు.

జ్ఞానాపురంలో కంటి ఆసుపత్రికి చెక్కాను,
ఆయన బొగ్గు కుప్పల మీంచి గాలి వీస్తే
కళ్లు నులుముకుంటూ వచ్చేవాళ్ల కోసం.
పరవాడ దగ్గర మంచినీళ్ల ప్లాంటుకి చెక్కాను.
రాత్రి రెండింటికి ఆయన ట్యాంకర్లు
గెడ్డలో ఏం వంపుతాయో
గేదెలకి తెలుసు.
అవి తాగవు.

మొన్న శ్మశానానికి షెడ్డు.
'దాత' దగ్గర ఉలి మొన విరిగింది.
రాతిలో ఏదో గట్టి జీర ఉందన్నాడు మా కుర్రాడు.

ఆ సాయంత్రమే వచ్చింది దాలయ్య పెళ్లాం.
వాల్వు పేలిన రాత్రి
ఫ్యాక్టరీ రిజిస్టర్లో అతని పేరు లేదట.
కాంట్రాక్టోడి మనిషి, మాకేటి తెలుసన్నారట.
"రాయి మీదయినా ఉంటాది గదా బాబూ,
ఎంతవుద్ది?"
కొంగుముడి విప్పింది. నూట ఇరవై.

మూడు అక్షరాలు, ఒక ఒత్తు.
పది తక్కువ.

వద్దమ్మా, ఉంచుకో అన్నానని
చెప్పుకోవాలని ఉంది.
తీసుకున్నాను.
కొత్త ఉలికి సరిపోయింది.

ఆయన ఫలకం కోయగా మిగిలిన
జానెడు నల్లరాయి మీద చెక్కాను.
ఒత్తు మాత్రం
బాగా లోతుగా దింపాను.