అరగంట ఎగువన

మొదటి రోజే లెజెంగ్ చెప్పాడు:
"ఇక్కడ దారంటూ ఉండదు. నా మడమలు చూస్తూ రండి."
మూడు రోజులుగా ఆ మడమలే చూస్తున్నాను.
ఏడాదంతా వాన పడే ఈ బోర్నియో కొండల్లో
ఎండకి పగిలిన పొలంలా నెర్రెలిచ్చిన మడమలు.

ఆయనకి చెప్పుల్లేవు.
నా బూట్లకి హామీ కాగితం ఉంది, జారవని.
జారాయి.
పదకొండోసారి తర్వాత లెక్క మానేశాను.

జలగలు మాత్రం ఎంతో మర్యాదగా
మేజోళ్ల అల్లికలోంచి లోపలికొచ్చాయి.
కూచింగ్ పళ్ల డాక్టరమ్మ హెలెన్ ఉప్పు వెతికింది.
ట్రామ్ నడిపి రిటైరైన ఊర్జులా కళ్లు మూసుకుంది.
లెజెంగ్ క్యారమ్స్ కాయ కొట్టినట్టు
చూపుడు వేలితో ఒక్కటిచ్చాడు. అంతే.

ఆకుల మీద వాన ఆగాక కూడా
ఆకుల కింద వాన ఆగదు.
పైవాళ్లు వాడుకున్నాక
మిగిలింది మనకి.

రెండో రోజు మధ్యాహ్నం
లేత కాండం చీలికలో గుచ్చిన ఒక పుల్ల,
దాని కొసన మడిచిన ఆకు,
పక్కనే విరిచి పెట్టిన మరో రెండు పుల్లలు.
గాలి చేసిన పనేమో అనుకున్నాను.
వంటగిన్నె మోసే కుర్రాడు మెగుట్
బస్సు బోర్డు చదివినంత తేలిగ్గా చదివాడు:
"అత్త ఇటే వెళ్లింది. ఆకలిగా ఉందిట.
మన మీద కోపం లేదుట."
కోపం లేదని కూడా రాసిందా?
"రెండూ ఒకే పొడుగు. చూళ్లేదా?"

నాకొచ్చిన ఉత్తరాలన్నీ గుర్తొచ్చాయి.
ఎన్నిట్లో లేవు ఆ రెండు పుల్లలు.
నేను రాసినవాటిలో కూడా.

మూడో సాయంత్రం ముసురు కమ్మేసింది.
వాగు ఒడ్డున చదునైన చోటు,
తడవని ఇసుక,
ఉయ్యాలలు కట్టుకోమన్నట్టు నాలుగు చెట్లు.
లెజెంగ్ ఆగలేదు.
అటు చూడనైనా చూడకుండా నీళ్లలోకి దిగి
మోకాలి లోతులో చుట్టు తిరిగి అవతల తేలాడు.
"ఇక్కడే ఉందామయ్యా!" హెలెన్ అరిచింది.
"ఇంకో అరగంట ఎగువన."

మూడు భాషల్లో గొణుక్కుంటూ ఎక్కాం.
అరగంట గంటంపావు అయింది.
దొరికింది ఏటవాలు.
రాత్రంతా తల కిందికి, కాళ్లు పైకి.
తడి కట్టెని చెక్కి, చెక్కి, దాని పొడి గుండె దాకా వెళ్లి
ఆయన నిప్పు పుట్టించాడు.
అడవి సగ్గు పిండి ఉడికించి పెట్టాడు,
గంజికీ జిగురుకీ మధ్య ఏదో.
అడిగి మరీ రెండోసారి పెట్టించుకున్నాను.

గిన్నె తోముతూ మెగుట్ గొంతు తగ్గించాడు:
"కింద, వాగు దగ్గర ఒకళ్లు పోయారు.
మామయ్యకి బాగా కావాల్సినవాళ్లు."
ఎవరు?
"పోయినవాళ్ల పేరు పలకం."
ఎప్పుడు?
"నేను పుట్టకముందు."

మూడు రోజులుగా నాది ఒకటే పని, పేర్లడగడం.
ఈ ఆకు పేరేంటి, ఆ కూత ఎవరిది,
ఈ వాగునేమంటారు.
విసుక్కోకుండా రెండేసిసార్లు చెప్పాడు,
నా నాలుక దిద్దాడు,
నోటుబుక్కు నిండిపోయింది.
ఆ రాత్రి దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి
మూతి గట్టిగా ముడేశాను.
వాన తడుపుతుందని కాదు.

తెల్లారి దిగుతున్నాం.
గిబ్బన్ ఒకటి ఏ లోయలోనో
ఎవర్నో పిలుస్తూనే ఉంది.
మళ్లీ అదే వాగు, మళ్లీ అదే చుట్టుదారి.
వరసలో ఆఖరి మనిషిని నేను.
మలుపు దగ్గర, చెట్టు చీలికలో
నిన్న లేని రెండు పుల్లలు.
కోసిన చోట పాలు ఇంకా ఆరలేదు.
ఆకు లేదు. ఆకలి లేదన్నమాట.
వంగి చూశాను,
ఒకే పొడుగు.

ముందు లెజెంగ్ మడమలు,
ఒండ్రు అంటుకుని, చీకట్లోనే ఎటో వెళ్లొచ్చినట్టు.
ఏమీ అడగలేదు.

నా వెనక ఎవరూ లేరు.
అయినా కాసేపు పక్కకి జరిగి
దారిచ్చాను.