గాలి ఊళ్లో మూడు చిల్లులు

పుంటా అరేనాస్‌లో గాలి ముదిరిన రోజుల్లో
వీధి మలుపుల దగ్గర తాళ్లు కడతారు.
జనం వాటిని పట్టుకుని, తలలు వంచుకుని
ఒకరి వెనక ఒకరు రోడ్డు దాటతారు.
ఆ నవంబరు రాత్రి మిలెంకా తండ్రి అలాగే వచ్చాడు,
ఒక చేత్తో తాడు, ఒక చేత్తో కూతురు.

పదిహేనేళ్ల పిల్ల. నలభై ఎనిమిది కిలోలు.
కుడివైపు పొత్తికడుపులో
పొద్దుట్నుంచీ ఎవరో మేకు దిగ్గొడుతున్నా
లెక్కల పరీక్ష పూర్తిచేసి మరీ పడిపోయింది.
"నొప్పి ఎంత? సున్నా నుంచి పది దాకా చెప్పు."
"రెండు."
మంచం కమ్మీ మీద దాని వేళ్లు మాత్రం
సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉన్నాయి.

"మా ఇంట్లో ఏడ్చేవాళ్లు లేరు డాక్టర్,"
అన్నాడు ఎర్నాన్ బార్రియా, పీతలు పట్టే మనిషి,
గర్వంగానో, క్షమించమనో.
నేనేమీ అనలేదు.
పదిహేనేళ్లప్పుడు ఇదే ఊళ్లో నాకూ ఇదే కోత.
అప్పట్లో కీహోల్ లేదు. జానెడు గాటు.
రాత్రంతా దిండు కొరుక్కుంటూ పడుకున్నాను.
తెల్లారి నర్సు చెంప తట్టి "బుద్ధిమంతురాలు" అంది.
గాటు మానింది. ఆ మాట మానలేదు.

ఇప్పుడు మూడు చిల్లులు చాలు,
బొడ్డు దగ్గర ఒకటి, కింద రెండు,
చొక్కాకి కుట్టే కాజాలంత.
కత్తి కన్నా ముందు నా సూది వెళ్తుంది.
పిల్ల బరువుకి మిల్లీగ్రాములు లెక్కేసి,
కాగితం మీద ఒకసారి, నోటితో ఒకసారి,
ఎందుకంటే గీత దాటితే ఈ మందు
నొప్పితో ఆగదు, గుండె లయనే తప్పిస్తుంది,
చర్మం కింద, కండ పొరల్లోకి
చెలమలో నీరు ఊరినంత మెల్లగా
బుపివకైన్ వదులుతాను.

నిద్రపోయే మనిషికి నొప్పేంటని
కొత్తగా వచ్చిన కుర్ర డాక్టర్ అడిగాడు.
మనిషి పడుకున్నా ఒళ్లు వింటూనే ఉంటుంది నాయనా.
లేచాక అన్నీ పూసగుచ్చినట్టు అప్పజెబుతుంది.

రెండింటికి మెలకువ వచ్చింది.
పొట్ట మీద చెయ్యి వేసుకుని చాలాసేపు తడుముకుంది.
"ఇది నాది కాదు. ఎవరిదో పెట్టారు."
"నీదే. కాసేపు అద్దెకిచ్చావు."
నవ్వబోయి, భయపడి, సగంలో ఆగింది.
ఆ సగం నవ్వుకి కుట్లు కిక్కురుమనలేదు.
దానికి అదొక వింత.

నాలుగున్నరకి బెల్లు.
ఎవరూ కొయ్యని చోట, కుడి భుజం కొసన, నొప్పి.
"పొట్ట కదా కోశారు.
నేనే ఊహించుకుంటున్నానేమో,"
అంది పిల్ల, పిలిచినందుకు సిగ్గుపడుతూ,
తన ఒంటి సాక్ష్యం తనకే చెల్లనట్టు.

చెప్పాను:
లోపల చూడ్డానికి చోటు కావాలని
గుడారం లేపినట్టు నీ పొట్టలో గాలి నింపాం.
కొంచెం మిగిలిపోయి డయాఫ్రం కింద నక్కింది.
అక్కడి నరం మెడలోంచి దిగుతుంది,
భుజం కబురు కూడా ఆ మెడ దగ్గరికే పోతుంది.
ఎవరి గుమ్మంలో తలుపు తట్టారో ఒంటికి తెలీదు.
నా సూది అంత దూరం అందదు.
మాత్ర ఇస్తాను, వేడినీళ్ల సంచి ఇస్తాను,
తక్కింది రేపో ఎల్లుండో నీ ఒళ్లే పీల్చేసుకుంటుంది.

మిలెంకా కిటికీ వైపు తిరిగింది.
బయట ఏదో షెడ్డు రేకు
ఊడలేక, ఉండలేక కొట్టుకుంటోంది.
"అంటే, గాలి ఇక్కడ కూడా దూరిందన్నమాట."
ఈసారి నవ్వు ఆపుకోలేదు.

"ఇప్పుడు చెప్పు. ఎంత?"
కుర్చీలో తండ్రి కళ్లు మూసుకునే ఉన్నాడు.
అది నిద్ర కాదని మా ఇద్దరికీ తెలుసు.
పిల్ల అటు చూసింది, ఇటు చూసింది.
"ఆరు."
కాస్త ఆగి,
"ఆరున్నర."

చార్టులో రెండు కొట్టేసి రాసుకున్నాను.
ఎర్నాన్ కళ్లు తెరవలేదు.
ఉప్పునీళ్లకి పగిలిన చెయ్యి మాత్రం
మంచం వైపు మెల్లగా చాచాడు,
మలుపు దగ్గర తాడు కోసం తడుముకున్నట్టు.