చెల్లమ్మకు సుత టికెట్టు

మా నాయిన ఆడెపు కొంరయ్య
కొత్తవాడల గుంట మగ్గం మీద జంపఖానాలు నేసేటోడు.
ఒకనాడు రిక్షా దిగింది ఫాతిమానగర్ బ్రిజితమ్మ,
పక్కన మనిషంత నల్లపెట్టె.
"జారని జంపఖానా కావాలె, నా చెల్లోకు" అన్నది.
నాయిన ఒక చెవి అప్పటికే మగ్గం తినేసింది.
"నీ చెల్లెకా? ఎంత పొడుగుంటది?"
ఆమె నవ్వలే. పెట్టె తెరిచి చూపెట్టింది.

కట్టె కడుపు, నాలుగు తీగెలు,
కింద ఒక ఇనుప ముల్లు.
నేలను గుచ్చుకుంటేనే నిలవడ్తదట,
నున్నటి గచ్చు మీదైతే
వాయిస్తుండంగనే ఎదుటోళ్ళ కాళ్ళల్లకు పోతదట.
ఒక సభల అట్లనే పోయిందట,
అది సుత పాటే అనుకొని జనం చప్పట్లు కొట్టిన్రట.

నాయిన నడిమిట్ల జానెడు జాగల
పడుగు రెండింతలు పెట్టి దట్టంగ కొట్టిండు.
ఎర్రది, నీలి అంచు.
మూడేండ్లకొకపారి అది రఫ్ కోసం వచ్చేది,
నడుమ చిల్లు, చిల్లు పక్కన చిల్లు.

వాళ్ళ నాయిన కాజీపేట లోకోషెడ్డుల ఫిట్టరు.
దేశమిడిసిపోయే డ్రైవరు దొర
నలభై రూపాయల అప్పు కింద ఆ పెట్టె ఇచ్చిపోయిండు.
వంటింట్ల బియ్యం బస్తా పక్కన
పదేండ్ల పోరి దాన్ని కావలించుకొని కూసునేది.

రైల్ల ఎప్పుడూ రెండు టికెట్లు.
"రెండో పాసింజరు పేరు?" అన్నడు కౌంటరు బాబు.
"చెల్లమ్మ. ఆడ. ఎనభై ఏండ్లు. కిటికీ సీటు."

మద్రాసుల పన్నెండేండ్లు.
సినిమాల తల్లి చచ్చినప్పుడల్ల, పెండ్లి ఆగినప్పుడల్ల
తెర ఎనుక ఏడ్చింది నేనే, అన్నది.
ఏడుపుకు ఇంతని రేటు. పేరు మాత్రం పడలే.

తర్వాత పుణెల నలుగురు.
ముందు నిలవడి చెయ్యి ఊపే పెద్దమనిషి ఉండడు.
ఒగలు ముక్కుతోని గాలి పీలిస్తే
ముగ్గురు అందుకోవాలె.
అండ్ల ఇద్దరికి రెండేండ్లు మాటల్లేవు,
ఛాయ్ గిలాసలు సుత వేరే బల్లల మీద.
పొద్దుగూకితె మాత్రం ఒక్కటే ఊపిరి.
"గదెట్ల?" అన్నడు నాయిన.
"పైసలు పంచేది నేనే గదా కొంరన్నా."

ఒకనాడు రఫ్ అయ్యేదాక కూసున్నది,
కండ్లు మూసుకొని మగ్గం విన్నది.
"నీ రెండో దెబ్బ ఆలస్యమైతాంది."
ముప్పై ఏండ్ల చెయ్యి! నాయిన ఆ పూట బువ్వ తినలే.
రాత్రి కందిలి పట్టుకొని గుంటల దిగితె
కుడి తొక్కుడుచెక్క కింద మేకు వదులైంది.
తెల్లారి కొట్టిండు. ఆమెకు చెప్పలే.

నలుగురు ముసలోళ్ళైనంక ఒక్కపారి ఇటొచ్చిన్రు,
సొసైటీ షెడ్డుల, పత్తి నుసిల,
జంపఖానాల కట్టల నడుమ కుర్సీలేసుకున్నరు.
సగంల కరెంటు పోయింది.
కాయితాలు కనవడక ముగ్గురు ఆగిన్రు.
ఆమె ఆగలే.
ఒకటే తీగె, ఒకటే మంద్రం,
చీకట్ల బొగ్గింజను నిలవడి ఆవిరి విడిసినట్టు,
నేను బత్తి తెచ్చేదాక లాగుతనే ఉన్నది.
నా కాళ్ళ కింద గచ్చు సన్నగ వణికింది,
చెప్పులు విడిసిన, ఎందుకో.

అయిపోయినంక నాయిన ఎనుక నుంచి ఒర్రిండు:
"నీ రెండో వయొలిన్ ఆలస్యమైతాంది!"
ఆమె కండ్లెంబడి నీళ్ళొచ్చేటట్టు నవ్వింది.
రెండో వయొలినాయినకు తెలుగు రాదు, ఆయిన సుత నవ్విండు.

తర్వాత ఎడమ చెయ్యి నడిపి వేలు ముడుసుకపోయింది.
పుణె నుంచి ఒక బక్కపిల్ల వచ్చి పెట్టె తీసుకపోయింది.
రెండు టికెట్లే.
నూటపదేండ్ల పాసింజరంటె
కౌంటరోడు ఆధార్ అడిగిండట.

జంపఖానా ఆఖరిసారి రఫ్‌కొచ్చింది,
మళ్ళ ఎవలూ అడగలే.
నాయిన లేడు. నాకు సగమే చేతనైతది,
ఒక చిల్లు మిగిలింది.
నా బిడ్డ దాని మీదనే పండుకుంటది,
ఆ చిల్లుల కాలి బొటనవేలు పెట్టుకొని.
తీస్తె నిద్ర లేస్తది.