మక్కీకి మక్కీ

మక్కంటే నాకు మొన్నటిదాకా మక్కజొన్నే.
మెట్‌పల్లి బస్టాండు ముందు
బొగ్గుల మీద చిటపటలాడే కంకి.
అజ్మాన్‌లో, ఈ టైపింగ్ సెంటర్లో, చేరిన నెలలో
"మక్కీకి మక్కీ దించుతా చాచా" అంటే
ముర్తజా చాచా చేతిలో సులేమానీ తొణికేలా నవ్వాడు:
"మక్కీ అంటే ఈగ, బేటా."

ఏ కాలంలోనో, ఏదో కచేరీలో ఒక రాతగాడట.
చూసింది చూసినట్టు దించడమే కొలువు.
అసలు కాగితంలో రెండు వరుసల మధ్య
ఒక ఈగ నలిగి అతుక్కుని ఉందట.
మధ్యాహ్నమంతా తరిమి తరిమి
ఇంకో ఈగను పట్టి, చంపి,
వేలితో కొలిచి, అదే చోట అంటించాడట.
రెక్క కూడా అటే వాలేలా.
నిజమేనా అంటే చాచాకూ తెలీదు.
"మా అబ్బా చెప్పాడు, నేను నకలు కొడుతున్నా."

నకలు కూడా ఇక్కడి మాటేనట.
ట్రాఫిక్‌లో ఆగిన లారీ తలుపు మీద
మూడక్షరాలు చూపించి చదివాడు: నక్ల్.
మోసుకుపోవడం.
ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చడం.
మా నాయిన పహాణీ కోసం
తహసీలాఫీసు చుట్టూ తిరిగి తెచ్చుకున్న మాట
ఇక్కడ ఎండలో సిమెంటు బస్తాలు మోస్తోంది.
మనూరోడు ఎదురైనట్టు
లారీ మలుపు తిరిగేదాకా చూశాను.

అట్లాంటి ఒక శుక్రవారం వచ్చాడు రాజలింగు,
కోరుట్ల పక్క, షట్టరింగ్ పని.
కవరులో కవరు, అందులో ఇంకో కవరు విప్పి
"అన్నా, నా పేరు జాజలింగు అయింది."

అరబ్బీలో రా మీద చుక్క పెడితే జా.
మొట్టమొదటి కాగితం మీద చాచా భూతద్దం ఆనించాడు.
సిరా కాదది. గోటితో గీకితే రాలిపోయింది.
ఏ ఈగో వాలి, తన పని చూసుకుని లేచిపోయింది.
లేబర్ కార్డు, హెల్త్ కార్డు, బ్యాంకు,
క్యాంపు గది తలుపు మీద అంటించిన పేర్ల చీటీ,
నాలుగేళ్లలో ఆ చుక్క ఒక్కచోటా తప్పిపోలేదు.

రాజలింగు సంబరంగా పోయాడు శుభ్రమైన అసలు పట్టుకుని.
మూడోనాడు వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.
"ఇది నకళ్లతోని కలుస్తలేదట.
ఇదే తప్పన్నరు."
కాసేపాగి,
"అయితే పరంజ ఎక్కేది జాజలింగు,
జీతం జాజలింగుకే,
బాకీలు మాత్రం రాజలింగుయా?"
ముందు తనే నవ్వాడు.
మాకు నవ్వాలో వద్దో తెలీలేదు.

వీసా గడువు సోమవారం.
చాచా సన్నపాళీ పెన్ను తీశాడు,
కళ్లద్దాలు నుదుటికి నెట్టి,
ఊపిరి బిగబట్టి,
రా నెత్తిన, కొంచెం ఎడమకి,
పాత నకలు పక్కన పెట్టి చూసుకుంటూ
చుక్క పెట్టాడు.

నేను గాజు తుడిచి మూత వేశాను.
ఏడు కాపీలు.